కోచ్ పేరు సరే, రోజులెన్ని?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు, ఎంత ఖర్చయినా సరే భారత ఫుట్‌బాల్ జట్టుకు యూరప్ నుంచి పెద్ద పేరున్న కోచ్‌ని తేవాలని రాశారు. దాని కిందే ఇంకొకరు, తెల్లవాళ్లను తెచ్చుకున్నది చాలు, మనవాడే ఉండాలి అన్నారు. రెండూ చదివేసరికి నా కాఫీ చల్లారిపోయింది. సరే, నేనూ ఒకటి రాద్దామని కూర్చున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రైల్వేలో టీటీఈగా చేసి 2017లో రిటైరయ్యాను. ఉండేది సత్యనారాయణపురంలో. ఒకప్పుడు రైలు పట్టాలుండి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డయిన చోటికి మా ఇల్లు కూతవేటు దూరం. కుర్రతనంలో గోల్‌కీపర్ని. నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఆ వేలి సంగతి తర్వాత వస్తుంది.

2025 నవంబరు 18న ధాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడిన దగ్గర్నుంచి మా టీ కొట్టు దగ్గర కూడా ఇదే గోల. బంగ్లాదేశ్ చేతిలో మనం ఓడి 22 ఏళ్లయిందట. అంతకు నెల ముందే గోవాలో సింగపూర్ మనల్ని 2-1తో ఓడించింది. దాంతో 2027 ఆసియా కప్ ఆశ పోయింది. ప్రపంచ ర్యాంకు 142కి జారింది. 2023 జులైలో అది 99. కనుక కోచ్ ఖాలిద్ జమీల్‌ని తీసేయాలంటున్నారు. ఆయన్ను వేసింది 2025 ఆగస్టు 1న. ఇంట్లో దిగినవాడు పాలు పొంగించుకున్నాడో లేదో, ఖాళీ చెయ్యమంటున్నాం.

కిందటి ఎంపిక ఎలా జరిగిందో గుర్తు చేసుకోండి. 2025 జులైలో అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ వెళ్లిపోగానే భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటన ఇచ్చింది. 170 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో యూరప్‌లో పెద్ద పేరున్న కోచ్‌లు గార్డియోలా పేరుతో ఒకటి, జావి పేరుతో ఒకటి ఉన్నాయంటే దేశమంతా రెండు రోజులు పండగ చేసుకుంది. తర్వాత సమాఖ్యే ఆ మెయిళ్లు అసలువి కావని చెప్పింది. మా రైల్వేలో గ్యాంగ్‌మన్ ఉద్యోగానికి కూడా పుట్టినతేదీ రుజువు చూశాకే కాగితం ముందుకు కదులుతుంది. చివరికి ముగ్గురు మిగిలారు. ఖాలిద్ జమీల్, ఇదివరకే రెండు విడతలు చేసిన స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియా మాజీ కోచ్ స్తెఫాన్ తార్కోవిచ్. 2012 తర్వాత పూర్తి బాధ్యత మళ్లీ ఒక భారతీయుడికి దక్కింది.

ఆ ఎంపిక నాకు నచ్చింది. 2017లో ఐజ్వాల్ జట్టును ఆయన దేశంలోని క్లబ్బుల పోటీ ఐ-లీగ్‌లో విజేతగా నిలబెట్టాడు. అంతకు ముందు సీజన్‌లో కింది డివిజన్‌కి దిగిపోయి, మళ్లీ ఎలాగో చోటు దొరికిన జట్టు అది. చేతిలో ఏముంటే దానితోనే వంట చేసే మనిషి. అయితే ఆయన బాగున్నాడా, ఇంకొకరు బాగుంటారా అని కొట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అసలు అడగవలసింది వేరే ఉంది. అక్కడికి వచ్చేముందు ధాకాలో మనల్ని ఓడించిన జట్టును చూడండి.

బంగ్లాదేశ్ అప్పటి కోచ్ హవియేర్ కబ్రేరా స్పెయిన్‌వాడు. 2022 జనవరి నుంచి ఆ మ్యాచ్ దాకా ఆయనే ఉన్నాడు. అదే సమయంలో మనకు స్టిమాచ్, మార్కెజ్, ఖాలిద్, మొత్తం ముగ్గురు. స్టిమాచ్‌కి 2023 అక్టోబరులో 2026 దాకా ఒప్పందం పొడిగించారు. ఎనిమిది నెలలు తిరక్కుండా 2024 జూన్‌లో తీసేశారు. లెక్క తేల్చుకునేసరికి ఆయనకు సుమారు 4 లక్షల డాలర్లు ఇవ్వవలసి వచ్చిందని పత్రికల్లోనే చదివాను. ఆయన హయాంలో ఇంకో వార్త కూడా వచ్చింది. 2022లో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌ల ముందు ఎవరిని ఆడించాలో జ్యోతిష్కుణ్ని అడిగారట. మా ఆవిడ అది చదివి, "పాపం, మన పద్ధతులు తొందరగానే నేర్చుకున్నాడు" అంది.

ఇక దేశీ, విదేశీ తగువు. మనం ధాకాలో ఓడిన రోజునే, మన గడియారం ప్రకారమైతే మర్నాడు తెల్లవారుజామున, కురసావ్ అనే చిన్న ద్వీపం 2026 ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది. ఆ దేశం మొత్తం జనాభా మన తెనాలి పట్టణమంత. వాళ్ల అప్పటి కోచ్ నెదర్లాండ్స్‌కి చెందిన డిక్ అడ్వకాట్, అప్పటికి వయసు 78. ఇంట్లో పని పడి ఆ చివరి మ్యాచ్‌కి ఆయన రాలేకపోయినా జట్టు తన పని తాను చేసుకుంది. అక్టోబరులో కేప్ వర్డే అర్హత సాధించింది. బెజవాడ జనాభాలో సగముంటుంది ఆ దేశం. కోచ్ బుబిస్టా వాళ్లవాడే, 2020 నుంచి ఉన్నాడు. ఒకచోట పరాయివాడు, ఒకచోట సొంతవాడు. ఇద్దరూ గట్టెక్కించారు. పాస్‌పోర్టు రంగు చూసి కోచ్‌ని ఎంచుకోవాలనేవాళ్లు దీనికేమంటారో.

నేను కళ్లారా చూసినది చెబుతాను. 2024 సెప్టెంబరు 3న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో మారిషస్‌తో మ్యాచ్. మార్కెజ్‌కి కోచ్‌గా అదే మొదటిది. మా తమ్ముడి కొడుకుతో కలిసి వెళదామని నెల ముందే రిజర్వేషన్ చేయించాను. ఆదివారం తెల్లారేసరికి బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. తమ్ముడి ఇల్లు అక్కడే. కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి హైదరాబాద్ వైపు రైళ్లు ఆగిపోయాయి. ముప్పై ఏళ్లకు పైగా రైళ్లలో తిరిగినవాణ్ని, టికెట్టు జేబులో పెట్టుకుని మోకాళ్లలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశాను. మ్యాచ్ 0-0 అయిందని మూడో రోజు రాత్రి ఫోన్‌లో కాస్త ఛార్జింగ్ దొరికినప్పుడు తెలిసింది. ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో సిరియా చేతిలో 3-0తో ఓడాం.

నవంబరు 18న మలేషియాతో మ్యాచ్‌కి మాత్రం వెళ్లాను. ధాకా ఓటమికి సరిగ్గా ఏడాది ముందు. ఆట మొదలైన ఇరవై నిమిషాల్లోపే వెనకనుంచి ఒక పొడుగు బంతి వచ్చింది. మన కీపర్ గుర్‌ప్రీత్ ముందుకు పరుగెత్తుకొచ్చాడు. బంతి అందలేదు. మలేషియావాడు ఖాళీ గోల్‌లోకి నెట్టేశాడు. నా పక్క కుర్రాడు ఆ కీపర్‌ని ఇక్కడ రాయలేని మాటలన్నాడు. నేనేమీ అనలేదు, నా చిటికెన వేలు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రాహుల్ భేకే తలతో గోల్ కొట్టి 1-1 చేశాడు. ఆ ఏడాది మొత్తంలో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మార్కెజ్ చేతకానివాడని అందామంటే, 2022లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి దేశంలోని పెద్ద క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్‌లో కప్పు గెలిపించింది ఆయనే. (ఆ హైదరాబాద్ జట్టు కూడా ఇప్పుడు మూట సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఆ బాధ ఇంకో ఉత్తరానికి.) అక్కడ రోజూ అవే ముఖాలు, రోజూ సాధన. ఇక్కడేమో రెండు నెలలకోసారి పది రోజులు. పైగా ఆ సీజనంతా ఆయన గోవా జట్టుకు కూడా కోచే. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని ఆయన్ను అనేముందు, రెండో పడవను తెచ్చి ఆయన కాలికింద పెట్టిందెవరో కూడా అడగాలి.

ఇప్పుడు వేలి సంగతి. 1981. నేనాడేది ఇక్కడే ఒక క్లబ్బుకి, పేరెందుకులెండి. ఆరేళ్లుగా మాకు ఆట చెప్పేది ఒక పోస్ట్‌మాన్. పైసా తీసుకునేవాడు కాదు. ఉత్తరాలు పంచడం అయిపోగానే ఖాకీ చొక్కాతోనే గ్రౌండుకి వచ్చేవాడు. ఆయన పెట్టిన రూలు ఒకటే. పెనాల్టీ స్పాట్ దాకా వచ్చే గాలి బంతి గోల్ ముందు అడ్డు నిలిచే స్టాపర్ బ్యాక్‌ది, కీపర్ గీత మీదే ఉండాలి. ఒక మ్యాచ్ 3-1తో ఓడిపోయేసరికి క్లబ్బు సెక్రటరీకి కోపం వచ్చింది. గుంటూరులో టోర్నమెంటు ఇంకా మూడు రోజులుందనగా హైదరాబాద్ నుంచి కొత్త కోచ్‌ని దింపాడు. పెద్ద పెద్ద జట్లకు ఆడిన మనిషి, ఆట మీద మంచి పట్టున్నవాడు. ఆయన చెప్పింది కూడా తప్పేమీ కాదు. బాక్సులోకి వచ్చే గాలి బంతి కీపర్‌ది, "నాదీ" అని అరుస్తూ వచ్చెయ్యి అన్నాడు. మూడు రోజులూ అదే చేయించాడు.

గుంటూరులో ఆట సగం కాకముందే కుడివైపు నుంచి బంతి లేచింది. నేను "నాదీ" అని అరిచి ఉరికాను. మా స్టాపర్ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు, ఎద్దులాంటి మనిషి. నా కేక వాడి చెవిన పడింది, కానీ ఆరేళ్ల అలవాటు వాణ్ని వెనక్కి లాగింది. ఇద్దరం గుద్దుకున్నాం. వాడి మోకాలి కింద నా వేలు. బంతి మాత్రం ఏ తొందరా లేకుండా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది. 4-0. తిరుగు ప్యాసింజర్‌లో మంగళగిరి దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు. కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆగినప్పుడు ఆ కోచే అన్నాడు: "మీ తప్పేం లేదబ్బాయ్. నే చెప్పింది మీ తలకెక్కింది. కాళ్లకెక్కలేదు. తలకైతే మూడు రోజులు చాలు." పై వారం సెక్రటరీ ఆయన్నీ మానిపించాడు. పోస్ట్‌మాన్ మాత్రం మళ్లీ మా గ్రౌండు వైపు రాలేదు. ఉత్తరాలు ఇవ్వడానికి వచ్చినా గుమ్మంలోనుంచే వెళ్లిపోయేవాడు.

ఇది ఊరి జట్టు బాగోతం అనుకుందామంటే, దేశం జట్టుదీ అదే వరస. 2023 ఆసియా క్రీడలు చైనాలోని హాంగ్‌జౌలో జరిగాయి. క్లబ్బులు ఆటగాళ్లను వదలడానికి బెట్టు చేస్తే చివరి నిమిషం దాకా పేర్లు మార్చుకుంటూ ఒక జట్టును కూర్చారు. సెప్టెంబరు 18 సాయంత్రానికి వాళ్లు అక్కడ దిగారు. మర్నాడే చైనాతో మ్యాచ్. కలిసి సాధన చేసే అవకాశమే లేదు. 5-1తో ఓడారు. రాత్రంతా బండిలో నిలబడి వచ్చినవాణ్ని పొద్దున్నే పరీక్ష రాయమన్నట్టుంది. ఆ రోజు డగౌట్‌లో గార్డియోలానే కూర్చోబెట్టినా ఆ కాళ్లలోకి ఏం ఎక్కిస్తాడు?

మొన్న ఖాలిద్ మొదటి శిబిరం బెంగళూరులో పెడితే, కోల్‌కతాకి చెందిన ఒక పెద్ద క్లబ్బు తన ఆటగాళ్లను పంపలేదు. క్లబ్బుని తిట్టి లాభం లేదు. జీతమిచ్చేది వాళ్లు, గాయమైతే నష్టపోయేదీ వాళ్లే. ఫిఫా కేటాయించిన రోజుల్లో కాకపోతే పంపి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఆ ఆటగాళ్లు లేకుండానే ఖాలిద్ మధ్య ఆసియా టోర్నమెంటుకు వెళ్లి తజికిస్తాన్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించాడు. మూడో స్థానం మ్యాచ్‌లో ఒమన్‌ని పెనాల్టీలలో గెలిచాడు. అప్పుడు ఇవే నోళ్లు ఆయన్ను ఆకాశానికెత్తాయి. ఆ తర్వాతేమైంది? సెప్టెంబరులో మొదలు కావలసిన ఐఎస్ఎల్ ఒప్పందాల గొడవలో పడి నవంబరులో కూడా మొదలు కాలేదు. నెలల తరబడి లీగ్ మ్యాచ్ లేని కాళ్లు ధాకా వెళ్లాయి. కీపర్‌గా చెబుతున్నాను, రెండు నెలలు మ్యాచ్ లేకపోతే మొదట పోయేది చెయ్యి కాదు, దూరం అంచనా. బంతి ఎక్కడ పడుతుందో కళ్లు అబద్ధం చెబుతాయి.

రోజులు దొరికిన కోచ్‌లు కూడా మనకు లేకపోలేదు. బాబ్ హౌటన్ 2006లో వచ్చి అయిదేళ్లు ఉన్నాడు. 2007లో, 2009లో నెహ్రూ కప్, 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్, దాని పుణ్యమా అని 27 ఏళ్ల తర్వాత 2011 ఆసియా కప్. ఆ టోర్నమెంటు ముందు జట్టుకు విదేశాల్లో సుదీర్ఘ శిబిరాలు పెట్టారు. ఖతార్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడినా, అది ఒక జట్టులా ఆడింది.

ఇంకా వెనక్కి వెళితే సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. హైదరాబాద్ కాచిగూడలో పాఠాలు చెప్పిన బడిపంతులు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనమీద 10 గోల్స్ కొట్టింది. మనం ఒక్కటి కొట్టాం. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఆ జట్టుకు కోచ్ రహీం సాబే. ఈ రోజుల్లో అయితే విమానం దిగేలోపే ఆయన పని అయిపోయేది. ఆ ఓటమితో ఆయనకు తలుపులు మూసేసి ఉంటే, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి జట్టును తీసుకువెళ్లింది ఎవరయ్యేవారో, 1962లో జకార్తా బంగారం ఎవరు తెచ్చేవారో. జకార్తాలో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో 2-0తో ఓడాం. స్టాపర్ బ్యాక్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే రహీం సాబ్ అతన్ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. కాలేజీ రోజుల్లో అతను ముందు వరసలో ఆడేవాడని ఆయనకు తెలుసు. జర్నైల్ సెమీస్‌లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. మొదట మనల్ని ఓడించిన కొరియానే ఫైనల్లో 2-1తో ఓడించాం. మొదటి గోల్ కొట్టిన పీకే బెనర్జీ మా రైల్వే మనిషేనని ఇక్కడ రాయకపోతే నాకు పింఛను అరగదు. బ్యాక్ ఆడేవాణ్ని ఫార్వర్డ్‌గా వేయాలన్న ఆలోచన వీడియోలు చూస్తే తట్టేది కాదు. అదే మనిషితో కలిసి తిని, కలిసి తిరిగి, వాడి పాత కబుర్లు విన్నవాడికి తడుతుంది.

నా ఉద్యోగంలో ఒక రాత్రి గుర్తుంది. ఏ జట్టో చెప్పను, జూనియర్ పిల్లలు పద్దెనిమిది మంది, కన్ఫర్మ్ కాని టికెట్లతో హౌరా బండిలో తలుపు దగ్గర కిట్ బ్యాగుల మీద పడి నిద్రపోతున్నారు. వాళ్ల కోచ్ బంతుల సంచి మీద కూర్చుని, తలుపుకి అడ్డంగా కాళ్లు చాపి మేలుకుని ఉన్నాడు. టికెట్లు అడిగితే ఒక్కొక్కణ్నీ చూపిస్తూ, వీడికి కుడికాలు మడమ నొప్పి, వీడు రాత్రి ఏమీ తినలేదు, వీడు ఏలూరు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చాడు అని వరసగా చెప్పుకొచ్చాడు. జరిమానా రాయడానికి నాకు చేతులు రాలేదు. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

అందుకని సమాఖ్య పెద్దలు మళ్లీ ప్రకటన ఇస్తే ఇవ్వనీయండి, ఉన్న మనిషిని ఉంచితే ఉంచనీయండి. అంతకన్నా ముందు క్లబ్బులతో కూర్చుని, ఏడాదికి ఇన్ని రోజులు ఆటగాళ్లు జాతీయ శిబిరంలో ఉంటారని కాగితం మీద రాయించుకోవాలి. గాయాలకు బీమా, ఆ రోజుల జీతంలో వాటా, అన్నీ అందులోనే తేల్చుకోవాలి. ఆ కాగితం చూపించి కోచ్‌ని పిలవాలి. రోజుల లెక్క చూశాక ఎవరు వస్తారో, ఎవరు మొహం చాటేస్తారో అప్పుడు తెలుస్తుంది. ఎలాగూ 2027 ఆసియా కప్‌కి మనం వెళ్లడం లేదు. తరుముకొస్తున్న టోర్నమెంటు లేదు. ఓడిన మర్నాడు తాంబూలాలు పుచ్చుకునే అలవాటు మానుకోవడానికి ఇంతకన్నా తీరికైన సమయం దొరకదు. నన్నడిగితే ఖాలిద్‌కి ఒప్పుకున్న రెండేళ్లూ ఇవ్వాలి, మధ్యలో ఎన్ని ఓడినా సరే.

మీకొక విన్నపం. జట్టు ఆడిన ప్రతిసారీ మీ ఆటల పేజీలో స్కోరు వేస్తారు, గోల్ ఎవరు ఎన్నో నిమిషంలో కొట్టారో వేస్తారు. దాని పక్కనే ఇంకొక్క అంకె వేయండి. ఆ మ్యాచ్‌కి ముందు కోచ్ చేతికి మొత్తం జట్టు ఎన్ని రోజులు దొరికిందో. హాంగ్‌జౌ మ్యాచ్ పక్కన సున్నా వేసి ఉంటే, మర్నాడు మా టీ కొట్టు దగ్గర తిట్లు ఇంకో దిక్కుకు తిరిగేవి.

ఉత్తరం పొడుగైందని నాకు తెలుసు. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే నా వేలి కథ తీసేయండి. హాంగ్‌జౌ మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత టీటీఈ,
సత్యనారాయణపురం, విజయవాడ.